లావుగా ఉన్న రోగికి సరైన వైద్యం: ఓపీ గదిలో సీనియర్లు జూనియర్లకు నేర్పవలసినది

[తెరపై: ఓపీ గది. బల్ల మీద స్టెతస్కోపు, బీపీ యంత్రం, ఓపీ చీటీల కట్ట. ముఖాలు కనిపించవు.]

వ్యాఖ్యాత: నమస్కారం. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పనిచేస్తున్న వైద్యులు, హౌస్ సర్జన్లు, స్టాఫ్ నర్సులు, ఏఎన్‌ఎంలు, విలేజ్ క్లినిక్కుల్లోని ఎంఎల్‌హెచ్‌పీల (మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది) కోసం ఈ వీడియోను తయారుచేశాము. లావుగా ఉన్న మనిషి వైద్యానికి వచ్చినప్పుడు ఆ మనిషి చెప్పుకునే బాధ కన్నా ముందు ఆ శరీరమే మన కంటబడుతుంది. ఆ తరువాత మనం అడిగే ప్రశ్నలూ, రాసే పరీక్షలూ, చెప్పే సలహాలూ అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. ఈ అలవాటును మనలో ఎవరూ పాఠ్యపుస్తకం చదివి నేర్చుకోలేదు. పెద్ద డాక్టరుగారి పక్కన నిలబడి, ఆయన ఓపీ చూసే తీరును రోజూ గమనిస్తూ నేర్చుకున్నాము. అలా పక్కన నిలబడి నేర్చుకున్నది ఒక పూట ఉపన్యాసంతో పోదనీ, దాన్ని మాన్పించడానికి మళ్ళీ పక్కన నిలబడే అనుభవజ్ఞులే కావాలనీ ఈ వీడియోలో వివరిస్తాము.

[తెరపై: అలిపిరి పాదాల మండపం, మెట్ల దారి, దూరాన గాలిగోపురం.]

వ్యాఖ్యాత: ఒక ఉదాహరణను ఊహించుకుందాం. చంద్రగిరి దగ్గరి పల్లె నుంచి నలభై రెండేళ్ళ స్త్రీ ఓపీకి వచ్చింది. ఏటా మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి నుంచి 3,550 మెట్లూ నడిచే ఎక్కే మనిషి. ఈ ఏడు గాలిగోపురం చేరకముందే ఆయాసంతో పలుమార్లు కూర్చుండిపోయానని చెప్పింది. "మునుపు ఇట్లా లేదు సార్" అని కూడా అన్నది. హౌస్ సర్జన్ ఆమెను ఒకసారి తేరిపార చూసి, బరువు రాసుకుని, బరువు తగ్గాలి, నడవాలి, అన్నం తగ్గించాలి అని చీటీ మీద రాసి పంపించాడు. అతనిలో కోపం లేదు, వెటకారం లేదు. ఆమె మేలు కోరే ఆ సలహా ఇచ్చాడు.

అయితే ఆమె చెప్పిన మాటల్లో అన్నిటికన్నా విలువైనది అతని చెవిన పడలేదు. పోయిన ఏడూ ఆమెది దాదాపు ఇదే బరువు, ఇదే శరీరంతో ఆమె కొండ ఎక్కింది. మరి ఈ ఏడాదిలో మారినది ఏమిటి? నెలసరిలో రక్తస్రావం ఎక్కువై రక్తహీనత వచ్చిందా, థైరాయిడ్ మందగించిందా, చిన్నతనంలో వచ్చిన కీళ్ళవాతపు జ్వరం గుండె కవాటాన్ని దెబ్బతీసి ఉన్నదా, ఊపిరితిత్తుల్లో ఏదైనా మొదలైందా? ఇవన్నీ అడగవలసిన ప్రశ్నలు. హిమోగ్లోబిన్ పరీక్ష కూడా రాయకుండానే ఆమె వెనుదిరిగింది. మరోసారి ఆయాసం వస్తే ఆమె ఆసుపత్రికి రాదు, ఎందుకంటే అక్కడ చెప్పే మాట ఏదో ఆమెకు ముందే తెలుసు. ఇంట్లో, పెళ్ళిళ్ళలో, బంధువుల నోట ఏళ్ళ తరబడి వింటున్న మాటే అది.

[తెరపై: అదే గది. హౌస్ సర్జన్ పక్కన మరో కుర్చీ వేసి ఉంటుంది. అందులో ఒక సీనియర్ వైద్యురాలు.]

వ్యాఖ్యాత: ఇప్పుడు అదే గదిలో ఒక మెంటర్, అంటే పక్కనుండి నేర్పే అనుభవజ్ఞురాలు, ఉన్నారనుకుందాం. ఆమె రోగి ఎదుట జూనియర్‌ను తప్పుపట్టరు. రోగి బయటికి వెళ్ళాక, చీటీ ఇంకా బల్ల మీద ఉండగానే, ఒక్క ప్రశ్న అడుగుతారు.

సీనియర్: నాయనా, ఈ అమ్మ ఇంతకన్నా ఇరవై కిలోలు తక్కువ బరువుండి, ఇదే ఆయాసంతో వచ్చి ఉంటే నువ్వేం రాసేవాడివి?

హౌస్ సర్జన్: రక్తహీనతకు సీబీపీ, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, గుండెకు ఈసీజీ రాసేవాణ్ణి మేడమ్. గుండె చప్పుడు జాగ్రత్తగా వినేవాణ్ణి. నెలసరి గురించి అడిగేవాణ్ణి.

సీనియర్: మరి అవి ఈ అమ్మకు అక్కర్లేదని దేన్నిబట్టి అనుకున్నావు? బయటే ఉంది, పిలువు. ఇద్దరం కలిసి చూద్దాం.

వ్యాఖ్యాత: నా దృష్టిలో ఈ మెంటరింగ్ పని మొత్తానికి ఆయువుపట్టు ఈ ప్రశ్నే. ఇది జూనియర్ మనసు మంచిదా చెడ్డదా అని విచారించదు. అతనికి తెలిసిన వైద్యాన్నే అతని చేత బయటికి తీయిస్తుంది. సన్నగా ఉన్న రోగికి ఏ పరీక్షలు అవసరమో అతనికి తెలుసు కనుక, లావుగా ఉన్న రోగికి అవి రాయకపోవడంలోని లోటు అతనికే కనబడుతుంది. పైగా రోగిని అప్పటికప్పుడే వెనక్కి పిలిపించడం వల్ల ఆ లోటు ఆ పూటే సరిదిద్దబడుతుంది. సెమినార్ హాలులో ఎంత గొప్ప ఉపన్యాసం ఇచ్చినా ఈ రెండో పని జరగదు.

[తెరపై: పాత బరువు యంత్రం, దాని పక్కన ఎత్తు కొలిచే కర్ర.]

వ్యాఖ్యాత: జూనియర్లకు చెప్పవలసిన శాస్త్రం కొంత ఉంది, దాన్ని క్లుప్తంగా చెప్పుకుందాం. బరువును ఎత్తుతో పోల్చి లెక్కగట్టే బీఎంఐ సూత్రం 19వ శతాబ్దంలో బెల్జియం గణితవేత్త క్వెటలే జనాభా సగటుల కోసం రూపొందించినది. దానికి ఇప్పటి పేరు 1972లో ఆన్సెల్ కీస్ బృందం పెట్టింది. ఒక మనిషి ఆరోగ్యాన్ని అది ఒక్కటే తేల్చలేదని మనదేశపు ఉదాహరణే చూపుతుంది. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫొటోనూ, కొలతలనూ లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. కొవ్వు శాతం మాత్రం ఒకరిలో 9.1, మరొకరిలో 21.2. ఎక్కువ కొవ్వున్నది మన భారతీయ వైద్యుడిలో. అంటే లావును చూసి రోగం ఉందనుకునే కన్ను, సన్నదనాన్ని చూసి రోగం లేదనీ అనుకుంటుంది. సన్నగా ఉన్నాడు కదా అని షుగర్ పరీక్ష చేయించని రోగులు మన ఓపీల్లో తక్కువేమీ కాదు. ఈ పక్షపాతం వల్ల వాళ్ళు కూడా నష్టపోతున్నారు.

బరువు పెరగడం నోరు కట్టుకోకపోవడం వల్లే అనే నమ్మకం రెండో చిక్కు. తిండి తగ్గించి బరువు తగ్గినవారిలో ఆకలిని పెంచే హార్మోన్ల మార్పులు ఏడాది తరువాత కూడా తగ్గలేదని 2011లో ఆస్ట్రేలియాలో జరిగిన ఒక అధ్యయనం చూపింది. తగ్గిన బరువు మళ్ళీ పెరిగిందంటే ఆ మనిషికి పట్టుదల లేదని తీర్పు చెప్పడం తప్పు. మనం రాసే మందుల్లోనే స్టెరాయిడ్లు, ఇన్సులిన్, ఓలాంజపీన్, సోడియం వాల్‌ప్రోయేట్ వంటివి బరువు పెంచుతాయి. మందు రాసిన చేత్తోనే మందలింపు కూడా రాయడం ఎంతవరకు న్యాయమో ప్రతి మెంటరూ తన జూనియర్‌తో కలిసి ఆలోచించాలి.

[తెరపై: రెండు బీపీ కఫ్‌లు పక్కపక్కన, ఒకటి మామూలుది, ఒకటి పెద్దది. ఒక చేతి చుట్టూ టేపు.]

వ్యాఖ్యాత: ఇక పనిముట్ల సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాము, ఎందుకంటే పక్షపాతం మాటల్లోనే ఉండదు, బల్ల సొరుగులో కూడా ఉంటుంది. చాలా డిజిటల్ బీపీ యంత్రాలతో వచ్చే మామూలు కఫ్, అంటే చేతికి చుట్టే పట్టీ, 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చేతికి సరిపోతుంది. అంతకన్నా లావైన చేతికి దాన్నే బిగించి కడితే ఉన్నదాని కన్నా ఎక్కువ బీపీ చూపుతుంది. 2023లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో, అతి పెద్ద కఫ్ అవసరమైనవారికి మామూలు కఫ్ వాడితే పై సంఖ్య సగటున 19.5 ఎక్కువగా నమోదైంది. అంటే 125 ఉండవలసిన మనిషికి 144 అని రాసి, లేని రక్తపోటుకు ఏళ్ళ తరబడి మాత్రలు మింగించే ప్రమాదం ఉంది. ఇంటింటికీ తిరిగి బీపీ చూసే ఏఎన్‌ఎం సంచిలో పెద్ద కఫ్ ఒకటి ఉన్నదా లేదా అన్నది అందుకే మెంటర్ మొట్టమొదట చూడవలసిన విషయం. లేకపోతే దానికోసం ఇండెంట్ (సరుకు కోరే పత్రం) పెట్టించడం జూనియర్ పని కాదు, మెంటర్ పని. టేపుతో చేతి చుట్టుకొలత కొలవడాన్ని మాత్రం పక్కన కూర్చుని నేర్పించాలి.

అలాగే బరువు యంత్రం వరండాలో, వరుసలో నిలబడ్డ అందరి ముందూ ఉంటుంది. అంకెను సిస్టర్ గట్టిగా చదువుతుంది, లోపల ఉన్నవాళ్ళు రాసుకుంటారు. యంత్రాన్ని గదిలో ఒక మూలకు జరిపి, అంకెను నోటితో చదవకుండా చీటీ మీద రాస్తే సరిపోతుంది. పైసా ఖర్చు లేని మార్పు ఇది. చేతులున్న కుర్చీల పక్కన చేతులు లేని బల్ల ఒకటి వేయడానికీ పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

[తెరపై: నర్సు, ఏఎన్‌ఎం ఎదురెదురుగా కూర్చుని ఉంటారు. మధ్యలో నోటు పుస్తకం.]

వ్యాఖ్యాత: మెంటరింగ్ అంటే తనిఖీ అని మన సిబ్బంది భయపడతారు. ఆ భయం సహజమైనదే. పైనుంచి వచ్చిన ప్రతి మనిషీ రిజిస్టర్లు అడిగి, తప్పులు రాసుకుని వెళ్ళడమే వాళ్ళు చూశారు. కాబట్టి మొదటి భేటీలోనే మెంటర్ రెండు మాటలు ఖాయం చేయాలి. ఇక్కడ మాట్లాడుకున్నవి పైఅధికారికి వెళ్ళవు, మార్కులుగా మారవు అన్నది ఒకటి. రోగుల పేర్లు మన మాటల్లో రావు అన్నది మరొకటి. ఈ రెండూ ఖాయం కానిదే జూనియర్ నోరు విప్పడు.

నర్సుకు నర్సే మెంటర్‌గా ఉండడం మేలని గట్టిగా నమ్ముతాను. ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు, బెడ్‌మీద రోగిని తిప్పేటప్పుడు, డెలివరీ గదిలో సాయం చేసేటప్పుడు నోటి నుంచి అప్రయత్నంగా జారే మాటలేవో మరో నర్సుకు తెలిసినంతగా వైద్యుడికి తెలియవు. వైద్యులు ఈ పనిని తమ చేతుల్లోనే ఉంచుకుంటే సగం పని మిగిలిపోతుంది.

భేటీలో ఏం చేయాలి అన్నదానికి పాత నమూనా ఒకటి మనకు అందుబాటులో ఉంది. 1950ల్లో లండన్‌లో మైకేల్ బాలింట్ అనే మానసిక వైద్యుడు కుటుంబ వైద్యులను చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి చేత ఒక రోగి గురించి, ఆ రోగిని చూసినప్పుడు తమలో కలిగిన చిరాకు, విసుగు, జాలి గురించి మాట్లాడించేవాడు. ఎవరూ తీర్పు చెప్పేవారు కాదు. మన దగ్గర ఎంబీబీఎస్‌లో 2019 బ్యాచ్ నుంచి వైఖరి, నైతికత, సంభాషణలపై ఏఈటీకామ్ అనే బోధన తప్పనిసరి అయింది. ఆ బోధనకు పొడిగింపుగా, హౌస్ సర్జన్‌షిప్‌లో నెలకో రెండుసార్లు ఇలా కూర్చుంటే అది తరగతి గదిలో ఆగిపోదు. "ఆ రోగి లోపలికి రాగానే నాకు విసుగొచ్చింది" అని ఒక సీనియర్ ముందుగా చెబితే జూనియర్లు ధైర్యంగా చెబుతారు. మన ఆసుపత్రుల్లో పెద్దవాళ్ళు ముందు మాట్లాడితే తప్ప చిన్నవాళ్ళు మాట్లాడరు. ఈ సంగతిని మనకు అనుకూలంగా వాడుకోవచ్చు.

1960లో మొదలైన శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల, దాని బోధనాసుపత్రి రుయా, స్విమ్స్ ఒకే ఊళ్ళో ఉండడం తిరుపతికి కలిసివచ్చిన అదృష్టం. పలమనేరు, కుప్పం వైపు విలేజ్ క్లినిక్కుల్లో ఉన్నవారికి అంత దగ్గరలో సీనియర్లు దొరకరు. అయితే ఈ-సంజీవని ద్వారా టెలీ వైద్యం అలవాటైన సిబ్బందికి, వారానికొకసారి ఒక కేసును ఫోనులో చర్చించడం కష్టం కాదు. పక్కన కూర్చోవడానికి అది సాటి రాకపోయినా, బొత్తిగా లేకపోవడం కన్నా నయం.

[తెరపై: రోగి, వైద్యురాలు. మాటలు తెరపై అక్షరాల్లో.]

వ్యాఖ్యాత: బరువు గురించి అసలు మాట్లాడకూడదా అని కొందరు అడుగుతారు. మాట్లాడాలి. షుగర్, మోకాళ్ళ అరుగుదల, నిద్రలో శ్వాస ఆగడం వంటి వాటికి బరువుతో సంబంధం ఉంది, దాన్ని దాచడం వైద్యం కాదు. కెనడా వైద్యులు 2020లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో మొదటి మెట్టు రోగి అనుమతి అడగడం. దాన్ని మన మాటల్లో ఇలా పలికించవచ్చు: "అమ్మా, ముందు మీ ఆయాసానికి కారణం వెతుకుదాం. ఆ తరువాత, మీకు ఇష్టమైతే, బరువు సంగతి కూడా మాట్లాడుకుందామా? ఈ రోజు వద్దంటే వద్దు." వినడానికి సులువుగా ఉన్న ఈ మాటలు వరుసలో యాభై మంది వేచి ఉన్నప్పుడు నోట రావు. అందుకే రోగిగా సీనియర్, వైద్యుడిగా జూనియర్ కూర్చుని, నోటికి అలవాటయ్యే దాకా పలికి చూడాలి. ఆ తరువాత పాత్రలు మార్చుకోవాలి. రోగి కుర్చీలో కూర్చుని, బరువు తగ్గాలి అన్న ఆ మొదటి సలహాను చెవులారా విన్న జూనియర్‌కు అది ఎంత బరువైన మాటో తెలుస్తుంది.

మార్పు వచ్చిందా లేదా అని తెలుసుకోవడానికి జూనియర్‌ను అడగనవసరం లేదు. ఆరు నెలలకొకసారి మెంటరూ, జూనియరూ కలిసి పాత ఓపీ చీటీలు కొన్ని తీయాలి. ఒకే ఫిర్యాదుతో వచ్చిన సన్నటి రోగులకూ, లావుపాటి రోగులకూ ఏ పరీక్షలు రాశారో పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా ఉంటే దానికి వైద్యపరమైన కారణం ఉందా అని చీటీ చీటీకీ చర్చించాలి. మెంటర్ తాను రాసిన చీటీలను కూడా అదే దొంతరలో కలపాలి.