ఫీజు కట్టే ముందు ఒక్కసారి అదాలత్‌కు పోయి రండి

(హనుమకొండలో ఇంటర్, డిగ్రీ విద్యార్థులకూ వాళ్ల తల్లిదండ్రులకూ ఒక న్యాయవాది ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇందాక మెట్లెక్కుతుంటే ఒక అమ్మ నన్ను ఆపి, "మేడం, మా పిల్లను లాలో చేర్పిద్దామనుకుంటున్నం, ఏ కాలేజి మంచిది?" అని అడిగింది. "మీ పాప ఎప్పుడన్నా కోర్టు లోపలికి పోయిందా అమ్మా?" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. "ఛీ, మా ఇంట్ల అసొంటి గొడవలేం లేవు మేడం" అంది.

మనకు కోర్టంటే గొడవ ఉన్నవాళ్లు పోయే చోటు. ఆస్పత్రి ముఖం చూడకుండా డాక్టర్ అవుతానని ఎవరూ అనరు. కానీ కోర్టు గుమ్మం తొక్కకుండానే ఐదేళ్ల లాకు ఫీజు కట్టేవాళ్లను నేను ఏటా చూస్తాను. వాళ్లు చూసిందల్లా సినిమా కోర్టు. బోను, సుత్తి, "ఆర్డర్ ఆర్డర్". ఇరవై ఆరేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను, మన జిల్లా కోర్టులో సుత్తి కొట్టిన జడ్జిగారిని ఒక్కరిని కూడా చూడలేదు.

కాబట్టి కాలేజీ సంగతి తర్వాత. మన హనుమకొండ అదాలత్ ప్రాంతంలోని జిల్లా కోర్టు, 2021 డిసెంబరులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు కొత్త భవనాలు ప్రారంభించారు చూడండి, అక్కడికి ఒక పూట పోండి. ఎవరి అనుమతీ అక్కర్లేదు. చిన్నపిల్లల మీద, ఆడవాళ్ల మీద జరిగిన లైంగిక నేరాల కేసుల్లాంటివి తలుపులు మూసి నడుపుతారు. తక్కినవన్నీ ఎవరైనా కూర్చుని చూడొచ్చు. పదిన్నరకు కాల్‌వర్క్ మొదలవుతుంది. బెంచి క్లర్కు ఒక్కో నంబరూ చదువుతుంటాడు. డెబ్బై, ఎనబై కేసులు పిలుస్తారు. అందులో అరవైకి వాయిదా పడుతుంది. నల్లకోటు వేసుకున్న కుర్రాడు లేచి, "సీనియర్ ఇంకో కోర్టులో ఉన్నారు, పాసోవర్ ఇప్పించండి" అంటాడు. అంటే కేసును కాసేపాగి మళ్లీ పిలవమని. అంతే, కూర్చుంటాడు. ఆ కుర్రాడి స్థానంలో మూడేళ్లు మీరుంటారు. అది చూశాక కూడా మీ మనసు కోర్టు మీదే ఉంటే, అప్పుడు కాలేజీల గురించి మాట్లాడుకుందాం.

దారులు రెండు. ఇంటర్ కాగానే ఐదేళ్ల కోర్సు, బీఏ ఎల్ఎల్‌బీ, బీబీఏ ఎల్ఎల్‌బీ లాంటివి. లేదా ఏదో ఒక డిగ్రీ చేసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ. రెండింటికీ మన రాష్ట్రంలో లాసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. 120 ప్రశ్నలు, గంటన్నర టైము. సగం మార్కులు, అంటే 60, న్యాయశాస్త్రం చదవడానికి మీకెంత ఆసక్తి, ఎంత అవగాహన ఉందో చూసే ప్రశ్నలకే. తప్పు రాస్తే మార్కులు కోయరు, కాబట్టి ఏ ప్రశ్ననూ వదలొద్దు. జనరల్, బీసీ పిల్లలకు 35 శాతం, అంటే 42 మార్కులు వస్తే అర్హత. అర్హత వేరు, సీటు వేరు. 42 వచ్చిన పిల్లవాడికి యూనివర్సిటీ కాలేజీలో సీటు రాదు. ఎక్కడో ఊరి బయట ఖాళీ ఉన్న ప్రైవేటు కాలేజీ వాళ్లు ఫోన్ చేసి మరీ పిలుస్తారు. ఆ ఫోన్ల సంగతికి మళ్లీ వస్తాను.

జాతీయ లా యూనివర్సిటీల్లో చాలావాటికి క్లాట్ అనే ఇంకో ప్రవేశ పరీక్ష రాయాలి. శామీర్‌పేటలోని నల్సార్ 1998లో మొదలైంది. విశాఖ దగ్గర సబ్బవరంలో దామోదరం సంజీవయ్య పేరు మీద ఇంకొకటి ఉంది. క్లాట్ ఇంగ్లిషులోనే ఉంటుంది, తప్పుకు పావు మార్కు పోతుంది, పేరాలకు పేరాలు చదివించి ప్రశ్నలు అడుగుతారు. అక్కడ ఫీజులు లక్షల్లో ఉంటాయి. అక్కడ చదివినవాళ్లలో చాలామంది పెద్ద లా ఫర్మ్‌లకూ కంపెనీలకూ పోతారు. చేయగలిగితే తప్పకుండా రాయండి. అది రాకపోతే జీవితం పోయిందనుకోకండి. మన జిల్లా బార్‌లో రోజూ జనం వెతుక్కుంటూ వచ్చే వకీళ్లలో ఎక్కువమంది కాకతీయలోనో ఉస్మానియాలోనో చదివినవాళ్లే.

ఐదేళ్లా మూడేళ్లా అంటే నా అభిప్రాయం చెప్తాను, మీరు ఒప్పుకోనక్కర్లేదు. పదిహేడేళ్లకే లా ఖాయమని తెలిసిన పిల్లలకు ఐదేళ్లు మంచిది, ఒక ఏడాది కలిసొస్తుంది. తెలియకపోతే డిగ్రీ చేయండి. బీకాం చేసినవాళ్లు చెక్ బౌన్స్, జీఎస్టీ కేసుల్లో లెక్కలు చూసి భయపడరు. వ్యవసాయ డిగ్రీ చేసి లాకు వచ్చిన ఒక కుర్రాడు మా చాంబర్‌లో భూమి కేసులు నాకంటే బాగా చదివేవాడు. ఒక్క జాగ్రత్త. పది, ఇంటర్ చదవకుండా ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా డిగ్రీ చేసినవాళ్లకు వకీళ్ల వృత్తినీ లా చదువునూ చూసే బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం లాలో చేరే అర్హత ఉండదు. మూడేళ్లు చదివి, చివర్న వకీలుగా పేరు నమోదు చేసుకునే ఎన్‌రోల్‌మెంట్ దగ్గర ఈ సంగతి తెలుసుకుని కూలబడినవాళ్లను చూశాను.

ఇక కాలేజీ. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఈ ఏటికి ఉందా, అది మొదటి ప్రశ్న. "ఉండె", "వస్తది", "అప్లై చేసినం" అనేవి జవాబులు కావు. కాగితం చూపించమనండి. దేశంలో లా కాలేజీలు ఎంత పుట్టుకొచ్చాయంటే, 2025 ఆగస్టులో బార్ కౌన్సిలే మూడేళ్ల పాటు కొత్త కాలేజీలకు అనుమతులు ఆపేసింది.

రెండోది లైబ్రరీ. కాలేజీ చూడ్డానికి పోతే కంప్యూటర్ ల్యాబూ, విద్యార్థులు ఉత్తుత్తి కేసులు వాదించే ఏసీ మూట్ కోర్టు హాలూ చూపిస్తారు. మీరు లైబ్రరీకి పోయి, "ఏఎల్‌డీ, ఏఎల్‌టీ ఈ ఏడాదివి ఉన్నాయా?" అని అడగండి. అవి మన హైకోర్టుల తీర్పులు అచ్చయ్యే పత్రికలు. లైబ్రేరియన్ లేచి తెచ్చి ఇస్తే మంచి కాలేజీ. "అవేంటియి?" అంటే మీకు జవాబు దొరికినట్టే. అలాగే అల్మారాల్లో ఇంకా పాత ఐపీసీ గైడ్లే ఉన్నాయేమో చూడండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. సీఆర్‌పీసీ, సాక్ష్యాధారాల చట్టం కూడా మారాయి. పాత కేసులు పాత చట్టం కిందే నడుస్తాయి కాబట్టి మీ తరం రెండూ నేర్చుకోవాలి. 302 అంటే హత్య అని ఊళ్లో మేకలు కాసేవాడికీ తెలుసు, ఇప్పుడది 103. సీనియర్లు అమ్మే పాత గైడ్లు కొనకండి. అసలు గైడ్లే కొనకండి. బేర్ యాక్ట్, అంటే చట్టం అసలు పాఠం ఉన్న పుస్తకం కొనండి, రూపాయికి పది రూపాయల విలువ.

మూడోది హాజరు. దీని గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే మన దగ్గర లా చదువుకు పట్టిన చెద ఇదే.

చాలా ఏళ్ల కిందట ఒక కాలేజీలో పార్ట్‌టైమ్‌గా కాంట్రాక్ట్ చట్టం చెప్పాను. పేరు అడగొద్దు. రిజిస్టర్లో 60 పేర్లు, నా ఎదురుగా ఏడుగురు. నెలాఖరున చూస్తే అందరికీ నిండుగా హాజరు పడి ఉంది. తక్కినవాళ్లెక్కడ అంటే, ఉద్యోగాల్లో ఉన్నారు, పరీక్షలకు వస్తారు, దానికి వేరే లెక్క కట్టారు అని ఆఫీసులో నవ్వారు. నిబంధన 70 శాతం అంటుంది. ఇందాక ఫోన్ల సంగతి అన్నాను కదా, ఆ ఫోన్లో మొదట వినపడే మాటే "మీరు రానక్కర్లేదు సార్, మేం చూసుకుంటం" అని.

అట్లా చదివిన ఒకతను తర్వాత నా దగ్గరికే జూనియర్‌గా వచ్చాడు. మంచివాడే, మాటకారి. ఒక ప్రామిసరీ నోటు కేసులో ప్లెయింటు రాయమంటే గంట సేపు కూర్చుని, "మేడం, ప్లెయింటు వేరు, వకాలత్ వేరా?" అని అడిగాడు. ప్లెయింటు అంటే దావా పత్రం, వకాలత్ అంటే వకీలును పెట్టుకున్నట్టు క్లయింటు రాసిచ్చే కాగితం. నాకు కోపం రాలేదు, బాధేసింది. ముప్పై ఐదేళ్ల వయసులో, ఇద్దరు పిల్లలతో, మళ్లీ ఓనమాలు దిద్దాలి. మూడు నెలలకు రావడం మానేశాడు. ఫీజుకూ "లెక్క"కూ కలిపి అతను కట్టింది తక్కువేం కాదు.

అందుకని కాలేజీకి అడ్మిషన్ల రోజున కాదు, ఏ మామూలు మంగళవారమో పదకొండు గంటలకు చెప్పకుండా పోయి, క్లాసు కిటికీలోంచి చూడండి. ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుని రండి. ఐదేళ్ల కోర్సులో 20 వారాలు, మూడేళ్ల కోర్సులో 12 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. అది కూడా సంతకాల మీదే నడిపిస్తారా, నిజంగా పంపుతారా అని ఫైనలియర్ పిల్లలను పక్కకు పిలిచి అడగండి. ప్రిన్సిపాల్‌ను అడిగితే పొద్దుపోతుంది.

ఇప్పుడు తెలుగు మీడియం పిల్లలకు. మీలో సగం మంది భయం ఇదేనని నాకు తెలుసు.

ఇంగ్లిష్ కావాలి. అబద్ధం చెప్పను. హైకోర్టులోనూ సుప్రీంకోర్టులోనూ రాజ్యాంగం 348వ అధికరణ ప్రకారం ఇంగ్లిషే. తీర్పులు దాదాపు అన్నీ ఇంగ్లిషే. లాసెట్ తెలుగులో రాసి, కాలేజీలో పరీక్షలు కూడా తెలుగులో రాసి గట్టెక్కొచ్చు అనుకుంటే తర్వాత ఇబ్బంది పడతారు. రోజుకు ఒక్క తీర్పు చదవండి, పది పేజీలదైనా చాలు. రెండేళ్లలో ఇంగ్లిష్ మీ చేతికి వస్తుంది.

కానీ ఇంకో సంగతి ఇంగ్లిష్ మీడియం పిల్లలకు ఎవరూ చెప్పరు. జిల్లా కోర్టులో సాక్షి బోనెక్కి తెలుగులో మాట్లాడతాడు, మన వరంగల్ తెలుగులో. జడ్జిగారు దాన్ని ఇంగ్లిషులోకి మార్చి టైపిస్టుకు చెప్తారు. అప్పీలు దాకా మిగిలేది ఆ టైపు కొట్టిన ఇంగ్లిష్ ముక్కే. ఒకసారి ఒక సాక్షి "వాడు నన్ను కొట్టొచ్చిండు" అన్నాడు. అంటే కొట్టడానికి మీదికొచ్చాడని. అది కాగితం మీద "కొట్టాడు" అయింది. చెయ్యి తగిలిందా లేదా అన్నదే ఆ కేసు. అవతలి వకీలు ఆ పూట లేచి అభ్యంతరం చెప్పలేదు, పట్నంలో పుట్టి పెరిగిన కుర్రాడు, ఆ మాట అతనికి తెలియదు.

భూమి కేసుల్లో ఇంకా ఘోరం. "ఆ యేడు భూమి ఇడిసిపెట్టిన" అంటుంది ముసలమ్మ. వానల్లేక దున్నలేదు, పడావు పెట్టాను అని ఆమె ఉద్దేశం. దాన్ని హక్కు వదులుకున్నట్టు రాసుకుంటే ఆమె రెండెకరాలకు నీళ్లొదిలినట్టే. "చేబదులు" అంటే నోటు లేని అప్పు. పంటలో వాటాకు "పాలుకిచ్చిన" వేరు, అద్దెకు "కౌలుకిచ్చిన" వేరు. ఇవి తెలిసిన పిల్లకు క్రాస్‌ ఎగ్జామినేషన్‌లో ఉన్న బలం ఏ కాన్వెంటూ ఇవ్వదు. మీ నాయనమ్మ భాష మీ పెట్టుబడి.

ఇంకో చిన్న ముచ్చట. మనం నిందితుణ్ని ముద్దాయి అంటాం. నిజాం కాలపు ఉర్దూ కోర్టు కాగితాల్లో ముద్దయి అంటే దావా వేసినవాడు, వాది! ప్రతివాదిని ముద్దాలే అనేవారు. పాత దస్తావేజు చేతికొచ్చినప్పుడు ఇది తెలియక తిరగేసి చదివితే ఎవరి భూమి ఎవరిదో తారుమారవుతుంది.

సరే, డబ్బుల సంగతి. తల్లిదండ్రులు ఇక్కడ నా మాట వినాలి. డిగ్రీ చేతికి రాగానే పిల్లలు సంపాదించరు. నా మొదటి నెల నా సీనియర్ ఇచ్చింది పన్నెండు వందలు, అదీ ఆయన మంచివాడు కాబట్టి. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ జూనియర్లకు పట్నాల్లో నెలకు 20,000, గ్రామాల్లో 15,000 ఇవ్వాలని చెప్పింది. కానీ అది సలహా, హుకుం కాదు. మన దగ్గర అంత ఇచ్చే చాంబర్లు వేళ్ల మీద లెక్క. ఇంటి అద్దె, పెట్రోలు, నల్లకోటు, ఫోన్ బిల్లు రెండు మూడేళ్లు ఇంట్లోవాళ్లే పెట్టుకోవాలి. ఉద్యోగం చేస్తూ పక్కన ప్రాక్టీసు చేస్తానంటే కుదరదు, పూర్తికాలపు జీతగాడు వకీలుగా ఉండడానికి వీల్లేదు. ఆడపిల్లల ఇళ్లలో ఈ మూడేళ్లలోనే పెళ్లి మాట వస్తుంది. "సంపాదన ఏం లేదు గదా, మానేయరాదు" అంటారు. నాతో ఎన్‌రోల్ అయిన తొమ్మిది మంది ఆడపిల్లల్లో ఇవాళ కోర్టులో ఉన్నది ఇద్దరం. మిగతా ఏడుగురికి తెలివి తక్కువై కాదు.

ఒక ఊరట ఉంది. ఎన్‌రోల్‌మెంట్ పేరు మీద రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు వేలకు వేలు వసూలు చేసేవి. 2024 జులై 30న సుప్రీంకోర్టు అది కుదరదంది. జనరల్ వాళ్లకు 750, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు, అంతకు మించి తీసుకోకూడదు. వకీలుగా కొనసాగాలంటే ఆలిండియా బార్ పరీక్ష పాస్ కావాలి. బేర్ యాక్ట్ దగ్గర పెట్టుకుని రాయొచ్చు, 45 శాతం చాలు. ఎస్సీ ఎస్టీలకు 40. ఫెయిలైతే మళ్లీ రాసుకోవచ్చు.

జడ్జి కావాలనుకునేవాళ్లు ఇటు వినండి. చదువు కాగానే జడ్జి అంటూ కోచింగ్ బోర్డులు ఇంకా కనిపిస్తున్నాయి. 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని. లెక్క బార్ పరీక్ష పాస్ కాకముందే ఇచ్చే తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచి మొదలవుతుంది. చాలామంది పిల్లలు దీన్ని తిట్టుకున్నారు. ముఖ్యంగా ఇంటి నుంచి డబ్బు రాని పిల్లలకు ఇది భారమే, నేను కాదనను. అయినా బోనులో వణుకుతున్న సాక్షిని ఎన్నడూ పలకరించని ఇరవై మూడేళ్ల పిల్లవాడి ముందు నా క్లయింటును నిలబెట్టడం కంటే ఇదే నయం అనిపిస్తుంది నాకు.

ఇందాకటి అమ్మ వెనక వరసలోనే ఉన్నట్టుంది. అమ్మా, సోమవారం పొద్దున మీ పాపను తీసుకుని పదీ పావుకల్లా రండి. గేటు దగ్గర బ్యాగు చూస్తారు. లోపల ఫోన్ సైలెంట్‌లో కాదు, ఆఫ్ చేసి పెట్టుకోండి. జడ్జిగారు రాగానే అందరితో పాటు లేచి నిలబడి, ఆయన కూర్చున్నాక చివరి బెంచీ మీద కూర్చోండి. ముందు కుర్చీలు వకీళ్లవి. మధ్యాహ్నం క్యాంటీన్లో ఉంటాను. పాప ఏం చూసిందో నాకు చెప్పాలి. కాలేజీ పేరు అప్పుడు చెప్తాను.