హైదరాబాద్ – వైజాగ్ విమానం రివ్యూ: నిజంగా ఎంత టైమ్ కలిసొస్తుంది?

నమస్కారమండీ. హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి విమానంలో వెళ్తే ఎంత టైమ్ కలిసొస్తుందని చాలామంది అడుగుతుంటారు. ఇవాళ ఆ లెక్కే చూద్దాం.

శంషాబాద్ నుంచి వైజాగ్ విమానాశ్రయానికి నేరుగా గీత గీస్తే సుమారు 510 కిలోమీటర్లు. సికింద్రాబాద్ నుంచి రైలు దారి 699. పట్టాలు వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడ దాకా దిగి, మళ్లీ ఏలూరు, రాజమండ్రి వైపు పైకి వెళ్తాయి. ఆకాశంలో ఆ చుట్టు లేదు. ఖమ్మం, కొత్తగూడెంల మధ్యగా సాగే ఆ గీత పాపికొండల చుట్టుపక్కల గోదావరిని దాటుతుంది.

టికెట్ మీద ఉండే గంటా పావు, గంటన్నర మొత్తం గాల్లో ఉండే సమయం కాదు. ఇక్కడ గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి అక్కడ ఆగేదాకా లెక్క.

బుక్ చేసేటప్పుడు ఏ రకం విమానమో తప్పకుండా చూడండి. ఎయిర్‌బస్ ఏ320 లాంటి జెట్ గంటకు 800 కిలోమీటర్లు దాటి వెళ్తుంది. ప్రొపెల్లర్లుండే ఏటీఆర్ 72 వేగం 500 దరిదాపుల్లోనే, అందుకే ఇరవై నిమిషాలు అటూఇటూ ఎక్కువ పడుతుంది. అయినా పగటి పూట అయితే నా ఓటు ఏటీఆర్‌కే. దాని రెక్కలు కిటికీల పైన ఉంటాయి, పైగా జెట్ కంటే తక్కువ ఎత్తులో ఎగురుతుంది. మబ్బు లేని రోజున కొండలు, చెరువులు, గోదావరి ఇసుక తిన్నెలు ఎంత బాగా కనిపిస్తాయో! ఒక్కటే ఇబ్బంది, తల పైన సామాను పెట్టే చోటు చిన్నది. పెద్ద ట్రాలీ పట్టదు.

ఇప్పుడు ఇంటి నుంచి ఇంటికి చూద్దాం. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్‌కి గంట పైనే వేసుకోండి. గేటు సాధారణంగా 25 నిమిషాల ముందే మూసేస్తారు కాబట్టి, రెండు గంటల ముందు చేరితే టెన్షన్ ఉండదు. అక్కడ దిగి, బ్యాగులు తీసుకుని, ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా ఊళ్లోకి వచ్చేసరికి మరో గంట. అన్నీ కలిపితే ఐదున్నర గంటలు. వందే భారత్‌లో రైలు ప్రయాణమే ఎనిమిదిన్నర గంటలు, దానికి స్టేషన్‌కి రాకపోకలు కలపాలి. అంటే మిగిలేది సుమారు నాలుగు గంటలు.

ఒక్కరోజు పని మీద వెళ్లేవాళ్లు విమానమే ఎక్కండి. పెద్దవాళ్లు, పిల్లలు, నాలుగు సంచులు ఉంటే మాత్రం వందే భారతే హాయి, సెక్యూరిటీ క్యూలో వాళ్లని నిలబెట్టే బాధ తప్పుతుంది.

ఈ లెక్కంతా నేవీ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగాలో ఉన్న పాత విమానాశ్రయానికే, అది ఊరికి దగ్గర. కొత్త విమానాశ్రయం ఉన్న భోగాపురం వైజాగ్‌కి దాదాపు 45 కిలోమీటర్లు. అక్కడ దిగే విమానమైతే నగరంలోకి రావడానికి ఇంకో ముప్పావు గంట కలుపుకోండి. విజయనగరం వాళ్లకైతే అదే దగ్గర.