చెవి నాళం వాచినప్పుడు

శ్రోతలకు నమస్కారం.

దురదగా ఉందనో, నీళ్లు పోయాయనో చెవిలో పుల్ల పెట్టి తిప్పిన ఒకటి రెండు రోజులకు చెవి దిబ్బడ వేసి, సలుపు మొదలై, ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోలేని స్థితి రావడం చాలామందికి అనుభవమే. ఇది బయటి చెవికి, అంటే చెవి రంధ్రం నుంచి కర్ణభేరి దాకా ఉన్న నాళానికి సోకిన ఇన్ఫెక్షన్. ఈత కొట్టేవారిలో ఎక్కువగా వస్తుంది కానీ, ఎన్నడూ ఈతకు దిగనివారికీ రావచ్చు.

పెద్దవారిలో ఈ నాళం పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. దాని లోపలి భాగంలో చర్మం చాలా పలుచగా ఉండి, నేరుగా ఎముకను అంటిపెట్టుకుని ఉంటుంది. వాపు వస్తే సాగడానికి చోటు లేకపోవడం వల్లనే ఇంత చిన్న చోట అంత భరించరాని నొప్పి పుడుతుంది. ఆ చర్మానికి కాపలా గులిమి. మనం మురికిగా భావించి తీసి పారేసే ఈ పదార్థం కొద్దిగా ఆమ్లగుణంతో, జిడ్డుగా ఉండి, నీటిని చర్మంలోకి ఇంకనివ్వదు, సూక్ష్మజీవులను సులువుగా పెరగనివ్వదు. పైగా నాళంలోని చర్మం కర్ణభేరి వైపు నుంచి బయటికి మెల్లగా జరుగుతూ, పాత గులిమిని తనతోపాటు మోసుకొస్తుంది. తనంతట తాను శుభ్రపడే అవయవాన్ని మనం పుల్లతో గీకినప్పుడు గులిమి కొంత పోతుంది, కొంత ఇంకా లోపలికి వెళ్లి గట్టిపడుతుంది, కంటికి కనిపించనంత చిన్న గీరలు పడతాయి. తడికి నాని మెత్తబడిన చర్మంలోకి ఆ గీరల గుండా సూడోమోనాస్, స్టాఫిలోకోకస్ వంటి బాక్టీరియా చొరబడతాయి. ఎక్కువసేపు ఇయర్‌ఫోన్లు, వినికిడి యంత్రాలు పెట్టుకునేవారికి, తామర వంటి చర్మవ్యాధులు ఉన్నవారికి కూడా ఈ ముప్పు ఎక్కువే.

గుర్తుపట్టడానికి ఒక తేలిక మార్గం ఉంది. చెవి డొప్పను మెల్లగా లాగినా, రంధ్రానికి ముందు ముఖం వైపున ఉండే చిన్న బుడిపెను నొక్కినా నొప్పి పెరిగితే, అది ఎక్కువగా బయటి చెవి జబ్బే. జలుబు తరువాత జ్వరంతో వచ్చే మధ్య చెవి నొప్పి సాధారణంగా ఇలా లాగితే పెరగదు. నొప్పికన్నా దురద ఎక్కువగా ఉంటే ఫంగస్ కావచ్చు. ఫంగస్ ఉన్నచోట బాక్టీరియాకు వాడే చుక్కల మందు ఉపయోగపడకపోగా, దాన్ని ఇంకా పెంచగలదు. పాత సీసాలో మిగిలిన మందును ఇంట్లో ఇంకొకరి చెవిలో వేయడం వద్దని గట్టిగా చెప్పడానికి ఇది ఒక కారణం. కర్ణభేరికి రంధ్రం ఉన్నవారికి జెంటమైసిన్, నియోమైసిన్ వంటి మందులున్న చుక్కలు వేస్తే అవి లోపలి చెవికి చేరి వినికిడికే హాని చేయవచ్చుననేది మరొక కారణం. నూనె పోయడమూ మంచిది కాదు.

వైద్యులు ముందుగా నాళంలోని చీమును, పొట్టును తీసివేస్తారు. లేకపోతే మందు చర్మాన్ని తాకదు. వాపుతో నాళం మూసుకుపోతే చిన్న వత్తి పెట్టి, దాని ద్వారా మందు లోపలికి చేరేలా చేస్తారు. ఆరోగ్యవంతులకు సాధారణంగా యాంటీబయాటిక్ మాత్రలు అవసరం ఉండదు, ఎందుకంటే చుక్కల ద్వారా ఆ చోటికి అందే మందు మాత్రల ద్వారా అందేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అయితే చుక్కలు వేసే పద్ధతి ముఖ్యం. సీసాను కాసేపు అరచేతిలో పట్టుకుని చల్లదనం పోనివ్వాలి, లేకుంటే తల తిరుగుతుంది. బాగాలేని చెవి పైకి ఉండేలా పడుకుని, చుక్కలు వేశాక ముందున్న బుడిపెను మెల్లగా కదిలించి, మూడు నుంచి ఐదు నిమిషాలు అలాగే ఉండాలి. నొప్పికి పారాసిటమాల్ వంటి మాత్ర సరిపోవచ్చు. రెండు మూడు రోజుల్లో ఉపశమనం కనిపిస్తుంది కానీ, మందును వైద్యులు చెప్పినన్ని రోజులూ, సాధారణంగా వారం నుంచి పది రోజులు, వాడాలి. మూడు రోజులకూ తగ్గకపోతే మళ్లీ చూపించుకోవాలి. అన్నాళ్లూ ఈత మానాలి, స్నానం చేసేటప్పుడు వాజలిన్ పూసిన దూదిని రంధ్రం బయట అడ్డుగా పెట్టుకోవాలి.

మధుమేహం ఉన్నవారి గురించి, ముఖ్యంగా వయసు పైబడినవారి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వారిలో ఈ ఇన్ఫెక్షన్ చర్మాన్ని దాటి కపాలం అడుగున ఉన్న ఎముకకు పాకవచ్చు. రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి, చుక్కలు వేసినా ఆగని చీము దానికి గుర్తులు. మూతి ఒక పక్కకు వంకరపోతే జబ్బు ముఖ నరానికి చేరినట్టు, అప్పుడు ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. దాని చికిత్స వారాల తరబడి సాగుతుంది. నీటితో గులిమి కడిగించుకున్న తరువాత కూడా ఇటువంటివారికి ఇది మొదలు కావచ్చు కనుక, మధుమేహం ఉన్నవారు చెవి చూపించుకునేటప్పుడు ఆ సంగతిని వైద్యులు అడగకముందే చెప్పాలి.