కాలి సత్తువ, చెవికందే మాట

సభకు నమస్కారం.

మన అనంతపురంలో అరవై దాటినవారిని ఎలా ఉన్నారని పలకరిస్తే, చాలామంది చెప్పేది షుగరు ఎంత, బీపీ ఎంత అన్న లెక్కే. ఆ లెక్క అవసరమే గాని, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో వెలువరించిన నివేదిక వార్ధక్యాన్ని మరో కొలతతో చూసింది. మనిషి తనకు ముఖ్యమనిపించిన పనులు తాను చేసుకోగలుగుతున్నాడా లేదా అన్నదే ఆ కొలత. రెండు పూటలా మాత్రలు వేసుకుంటూనే చేనికి పోయి శనక్కాయ పైరు చూసి వచ్చే డెబ్బై ఐదేళ్ళ రైతు, ఆ లెక్కన, బాగానే ఉన్నట్టు.

చేనికి పోవాలంటే కాళ్ళలో సత్తువ ఉండాలి. వయసుతో పాటు తరిగే కండను నడక ఒక్కటే నిలపలేదు కాబట్టి, వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక వంటి శ్రమతో పాటు కండరాలకు పని చెప్పే వ్యాయామం 2 రోజులైనా, తూలిపడకుండా నిలదొక్కుకునే సాధన 3 రోజులైనా చేయాలని ఆ సంస్థే సూచించింది. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడానికి ఖర్చేమీ లేదు. తిండి విషయంలో మన సంగటిని నేను వెనకేసుకొస్తాను. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అయితే సంగటిలోకి ఒట్టి కారం నంజుకుంటే కండకు చాలదు, పప్పో గుడ్డో తోడు కావాలి.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది చెవి గురించి. కంటికి శుక్లం వస్తే ఆపరేషన్ చేయించుకునే మనం, చెవి మందగిస్తే మాత్రం వయసైంది కదా అని వదిలేస్తాం. మాట వినపడని మనిషి మొదట అడిగి చెప్పించుకుంటాడు, తరువాత వినపడినట్టే తల ఊపుతాడు, చివరికి రచ్చకట్ట దగ్గరికి పోవడమే మానేస్తాడు. ఇంట్లోవాళ్ళేమో ఆయనకు చాదస్తం ముదిరిందనుకుంటారు. డిమెన్షియాకు, అంటే జ్ఞాపకశక్తీ ఆలోచనా క్రమంగా క్షీణించే జబ్బుకు, దారితీసే కారణాల్లో మనం సరిచేసుకోదగినవి 14 ఉన్నాయని 'ల్యాన్సెట్' వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో తెలిపింది. వినికిడి లోపం, సరిచేయించుకోని చూపు లోపం, ఒంటరితనం, వ్యాయామం లేకపోవడం, ఈ నాలుగూ అందులో ఉన్నవే. కట్ట మీదికి పోవడం మానినవాడికి నడకా మానుతుంది, నడక మానితే కండా కరుగుతుంది.

కళ్ళజోడు పెట్టుకుంటే చదువరి అంటారు, చెవిలో మిషన్ పెట్టుకుంటే చెవిటివాడంటారు, ఇదేం న్యాయమో! గులిమి నిండినా వినికిడి తగ్గుతుంది కాబట్టి ముందు చెవి వైద్యునికి చూపించుకోవాలి. మిషన్ పెట్టిన తొలి వారాల్లో గిన్నెల చప్పుడు, ఫ్యాను రొద పెద్దగా వినపడి చికాకు పుడుతుంది. చాలామంది అప్పుడే దాన్ని తీసి బీరువాలో పడేస్తారు. రోజుకు కొద్ది గంటలతో మొదలుపెట్టి, ఇంట్లోవాళ్ళతో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుతూ సమయం పెంచుకుంటూ పోతే ఆ రొద క్రమంగా అలవాటవుతుంది, అప్పటికీ కుదరకపోతే అమర్చినవారి దగ్గరికే తీసుకుపోయి మళ్ళీ సరిచేయించుకోవాలి.