వాండా మెడలో ఎల్విస్ ఉంగరం

శ్రోతలకు నమస్కారం.

నాకిచ్చింది పది నిమిషాలు. అందులో ఒక రాత్రి గురించి చెప్పాలి, ఒక ఉంగరం గురించి చెప్పాలి, ఒక ఆల్బమ్ గురించి చెప్పాలి. ముందు ఆ రాత్రి సంగతి చెప్పేస్తాను. అది చెప్పకుండా నేను ఇంటికి వెళ్లలేను.

1955 జులై. అమెరికాలో మిస్సోరి రాష్ట్రం. మిసిసిపి నది ఒడ్డున కేప్ జిరార్డో అనే ఊరు. ఆ ఊళ్లో పాటకచేరీ. పాడడానికి ఓక్లహామా నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పేరు వాండా జాక్సన్. వయసు పదిహేడేళ్లు. అప్పుడే హైస్కూలు చదువు అయింది. పక్కన నాన్న ఉన్నాడు. నాన్నే మేనేజరు, నాన్నే కాపలా. స్టేజి మీద వేసుకునే గౌను అమ్మ కుట్టినది.

పగలు రేడియో స్టేషనుకు వెళ్తే, అదే కచేరీలో పాడబోయే ఇంకో కుర్రాణ్ణి పరిచయం చేశారు. ఇరవై ఏళ్లవాడు. ఒంటి మీద పసుపురంగు కోటు, బయట గులాబీరంగు కాడిలాక్ కారు. ఓక్లహామాలో పసుపు కోటు వేసుకున్న మగాణ్ణి ఆ పిల్ల ఎప్పుడు చూసి ఉంటుంది చెప్పండి! ఆ కుర్రాడి పేరు కూడా ఆమె అంతకుముందు విన్నది కాదు.

రాత్రయింది. వాండా తన పాటలు పాడేసి లోపలి గదిలో నాన్నతో కూర్చుంది. ఉన్నట్టుండి బయట కేకలు. ఆడపిల్లల కేకలు. ఆగవు. ఇంకా పెరుగుతున్నాయి. నాన్నకు గుండె ఝల్లుమంది. హాలుకు నిప్పంటుకుందనుకున్నాడు. చూసొస్తానని పరుగెత్తాడు. ఈ అమ్మాయి గబగబా తన సామానంతా పోగు చేసుకుంటోంది. ఇంతలో నాన్న తిరిగొచ్చాడు. మంటా లేదు, పొగా లేదు. కంగారు పడకు గానీ నువ్వొచ్చి చూడాల్సిందే అని కూతుర్ని తీసుకెళ్లి స్టేజి పక్కన తెరచాటున నిలబెట్టాడు.

స్టేజి మీద పగలు చూసిన పసుపు కోటు కుర్రాడు పాడుతున్నాడు. కాళ్లూ నడుమూ నిలకడగా లేవు. స్టేజి ముందుకు తోసుకొచ్చిన అమ్మాయిలు గుక్కపెట్టి అరుస్తున్నారు. ఆ కుర్రాడే ఎల్విస్ ప్రెస్లీ. తర్వాత రాక్ అండ్ రోల్ అనే ఊపు సంగీతానికి రారాజు అనిపించుకున్నవాడు.

ఈ సంగతి వాండా డెబ్బై ఏళ్లు దాటాక కూడా ఇంటర్వ్యూల్లో చెబుతూ వచ్చింది. ఎప్పుడు చదివినా నాకు ఎల్విస్ కంటే ఆ తండ్రే కళ్లముందు కనిపిస్తాడు. కూతురికి కాపలాగా వచ్చినవాడు. ఆ రోజుల్లో పెద్దవాళ్లు చాలామంది తలలు పట్టుకున్న ఆ ఆటపాటను, తనే వెళ్లి చూసి, తనే కూతుర్ని తీసుకెళ్లి చూపించాడు. తలుపేసి కూర్చోబెట్టొచ్చు కదా. కూర్చోబెట్టలేదు.

ఇక ఉంగరం.

అప్పటికి వాండా పాడేది కంట్రీ పాటలు, అంటే అమెరికా పల్లెపట్టుల బాణీ. ఫిడేలు, స్టీల్ గిటారు, నెమ్మదిగా నడిచే విరహగీతాలు. ఆ పద్ధతిలో అప్పటికే ఒక హిట్టు కూడా ఉంది. కానీ ఆడపిల్లల రికార్డులు అమ్ముడుపోవని ఒక పెద్ద రికార్డు కంపెనీ మొదట్లో కాదంది. తర్వాత అదే కంపెనీ పిలిచి ఒప్పందం రాసుకుంది, అది వేరే కథ. ఎల్విస్‌తో కలిసి ఊరూరా తిరుగుతున్నప్పుడు, ఈ కొత్త రకం పాట, రాక్ అండ్ రోల్, నువ్వూ పాడు అని అతను పోరేవాడు. నేను కంట్రీ పాడేదాన్ని అని ఈమె. నేనూ అంతేగా అని అతను. మెంఫిస్‌లో తమ ఇంటికి తీసుకెళ్లి, రికార్డులు వేసి వినిపించి, గిటారు పట్టుకుని ఎలా పాడాలో చూపించాడు. 1956లో తన వేలి ఉంగరం తీసి ఇచ్చాడు. చిన్న చిన్న వజ్రపు పలుకులు పొదిగిన మగవాళ్ల ఉంగరం. ఆ పిల్ల వేలికి ఎక్కడ సరిపోతుంది? గొలుసుకు కట్టి మెడలో వేసుకుంది.

ఆ ఏడాదే వచ్చిన ఆమె రికార్డు 'ఐ గాటా నో' వింటే మీకు నవ్వొస్తుంది. పాట కంట్రీలా నెమ్మదిగా మొదలవుతుంది. నాలుగడుగులు వేసి ఒక్కసారిగా పరుగందుకుంటుంది. మళ్లీ నెమ్మదిస్తుంది, మళ్లీ పరుగు. ఒకే పాటలో రెండు మనసులు. గుమ్మం దగ్గర ఒక కాలు లోపలా, ఒక కాలు బయటా పెట్టి నిలబడ్డ పిల్ల గొంతు అది. నాకు ఆమె పాటల్లో అదే అన్నిటికంటే ఇష్టం.

రెండేళ్లు తిరిగేసరికి రెండు కాళ్లూ బయటికొచ్చాయి. ఎల్విస్ 1957లో ఒక సినిమాలో పాడిన 'పార్టీ' పాటను 1958లో వాండా రికార్డు చేసింది. గొంతులో గరగర, వెనక పియానో మీద బిగ్ అల్ డౌనింగ్ చేతులు దడదడ. ఆ పాట రెండేళ్లు ఎవరికీ పట్టకుండా ఆల్బమ్‌లో ఒక మూల పడుంది. 1960లో అయోవాలో ఒక రేడియో అనౌన్సరు తన ప్రోగ్రాంకు దాన్ని ముఖగీతంగా వాడుకుంటే జనం అడగడం మొదలుపెట్టారు. అప్పుడు సింగిల్‌గా, అంటే ఆ పాటనే విడి రికార్డుగా విడుదల చేశారు. అమెరికా టాప్ నలభైలోకి ఎక్కింది. రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి ఈ ముక్క కాస్త గర్వంగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి.

మధ్యలో చాలా జరిగింది. పెళ్లి, పిల్లలు, జపాన్‌లో పేరు, భక్తిగీతాలు, చాలా ఏళ్ల మరుగు. అన్నిటికీ టైం లేదు. 1977 ఆగస్టులో ఎల్విస్ పోయాడు. నలభై రెండేళ్లకే.

ఇప్పుడు ఆల్బమ్.

2006లో వాండా ఎల్విస్ పాటలతో ఒక ఆల్బమ్ చేసింది. పేరు 'ఐ రిమెంబర్ ఎల్విస్'. ఎల్విస్ నాకు గుర్తున్నాడు, అని. పేరు చూడండి. ఎల్విస్‌కు నీరాజనం అనలేదు, రారాజుకు వందనం అనలేదు. గుర్తున్నాడు అంది. ఆ మాట అనగలిగినవాళ్లు అప్పటికే ఎంతమంది మిగిలారు? అరవై ఎనిమిదేళ్ల ఆవిడ ఒక ఇరవై ఏళ్ల కుర్రాడి పాటలు పాడింది. ఆమె మనసులో అతను ఇంకా ఆ పసుపు కోటులోనే ఉన్నాడు.

అందులో 'హార్ట్‌బ్రేక్ హోటల్' ఉంది. 1956లో ఎల్విస్ పాడినప్పుడు ఆ పాట మొదట్లో గొంతు ఒక్కటే వినిపిస్తుంది. మధ్యమధ్య రెండే రెండు దెబ్బలు. మళ్లీ గొంతు. ఎవరూ లేని పెద్ద హాల్లో పాడుతున్నట్టు ప్రతిధ్వని. ఆ పాటను ఎల్విస్‌లా పాడాలని ప్రయత్నించినవాళ్లు వేలమంది ఉన్నారు. పెదవి వంచేస్తారు, మాట నమిలేస్తారు. వాండా ఆ పని చేయలేదు. తన గొంతుతోనే పాడింది, వయసు తెచ్చిన బరువుతో సహా. ఆల్బమ్ అంతా గొప్పగా ఉందని అనను. కొన్నిచోట్ల వాయిద్యాలు మరీ జాగ్రత్తగా, మరీ నున్నగా ఉన్నాయనిపించింది. కానీ ఎక్కడా అనుకరణ లేదు. ఎల్విస్ ఆమెకు నాలా పాడు అని చెప్పలేదు. నువ్వూ పాడు అన్నాడు. ఆ మాటను ఆవిడ యాభై ఏళ్ల తర్వాత కూడా గుర్తు పెట్టుకుంది.

ఇక్కడ నా సొంత గోల ఒకటి చెప్పుకోవాలి. కాలేజీ వార్షికోత్సవంలో నేనొక ఘంటసాల గారి పాట పాడాను. అభిమానం ఎక్కువై ఆయన శ్రుతిలోనే పాడతానని పట్టుబట్టాను. పల్లవి ఎలాగో ఈదాను. చరణంలో మంద్రానికి దిగేసరికి మైకులో గాలి తప్ప ఏమీ లేదు. ముందు వరసలో వాళ్లు మైకు పాడైందనుకుని ఎలక్ట్రీషియన్‌ని కేకేశారు. దిగొచ్చాక హార్మోనియం మాస్టారు నెమ్మదిగా అన్నారు: "శ్రుతి పెంచుకో అమ్మాయ్ అని మూడుసార్లు సైగ చేశానమ్మా. నువ్వు కళ్లు మూసుకుని పాడితే నేనేం చేసేది!"

అందుకని ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో పెళ్లిళ్లలోనో, పోటీల్లోనో, అపార్ట్‌మెంట్ ఫంక్షన్లలోనో పెద్ద గాయకుల పాటలు పాడేవాళ్లుంటే ఒక్క మాట. ముందు శ్రుతి చూసుకోండి. పాటలో అన్నిటికంటే కింది స్వరం ఎక్కడుందో వెతకండి. అది పాడి చూడండి, వినిపిస్తోందా లేదా. తర్వాత అన్నిటికంటే పైస్వరం పాడి చూడండి, గొంతు చిరగకుండా అందుతోందా లేదా. రెండూ సుఖంగా పలికేదే మీ శ్రుతి. ఆడవాళ్లు మగ గొంతు పాట పాడేటప్పుడు మామూలుగా నాలుగైదు మెట్లు జరపాల్సి వస్తుంది. కరోకే ట్రాక్ అయితే ఇప్పుడు ఫోన్లోనే జరుపుకోవచ్చు, నిమిషం పని. ముప్పైల్లో పాడిన శ్రుతి అరవైల్లో అందకపోతే దించుకోండి. అందులో సిగ్గు పడాల్సిందేమీ లేదు. వయసుతో పాటు గొంతు కిందికి జరుగుతుంది, పాటనూ దానితో పాటు జరపండి. శ్రుతి చూసుకోండి. మళ్లీ మళ్లీ చెబుతున్నాను, మా మాస్టారు చేసిన సైగల్లాగే.

వాండాకు 2009లో, ఆ సంగీతంలో పెద్దలను గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. స్టేజి పాటలకు 2019లో సెలవు చెప్పింది. అప్పటికి ఎనభై ఒక్కటి.

గాజు అద్దం అవతల నుంచి మా ఇంజనీరు గారు వేలు చూపిస్తున్నారు. నిమిషం ఉందట. నేను ఆపేస్తాను, మీరు పాట వినండి. ముందు 1957 నాటి ఎల్విస్ 'పార్టీ'. అతను పాడటం ఆపగానే, మధ్యలో అనౌన్స్‌మెంట్ లేకుండా, 1958 నాటి వాండా. ఇద్దరి శ్రుతీ గమనించండి.