రెండో దీవి అడిగిన ప్రశ్న

సభాధ్యక్షులకు, సినిమా మీద ప్రేమతో ఇక్కడికి వచ్చిన మిత్రులకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది 1997లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన 'ద లాస్ట్ వరల్డ్: జురాసిక్ పార్క్' గురించి. 1993 నాటి మొదటి చిత్రాన్ని అందరూ నెత్తిన పెట్టుకున్నారు. ఈ రెండో భాగాన్ని మాత్రం మొదటిదాని నీడలో నిలబెట్టి తక్కువ చేశారు. చిన్నప్పుడు నాకు ఈ రెండోదే ఎక్కువ ఇష్టం. పెద్దయ్యాక చూస్తే లోపాలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి, అయినా ఇష్టం పోలేదు.

ఈ చిత్రం ఒక నిజమైన శాస్త్రీయ ప్రశ్నతో మొదలవుతుంది. డైనోసార్లు గుడ్లు పెట్టి వదిలేసి పోయేవా, పిల్లలను సాకేవా? అమెరికాలోని మోంటానాలో దొరికిన గూళ్లను, పిల్లల ఎముకలను ఆధారంగా చేసుకుని, కొన్ని జాతులు పిల్లలను సంరక్షించేవని 1979లో వాదించినవారిలో పురాజీవ శాస్త్రవేత్త జాక్ హార్నర్ ఒకరు. ఆయనే ఈ చిత్రాలకు శాస్త్ర సలహాదారు. మన దగ్గరా ఇలాంటి ప్రశ్నకు చోటుంది. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అనే శాకాహార డైనోసార్ ఎముకలు పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వితీసినవి. అక్కడ అనేక జంతువుల ఎముకలు ఒకేచోట బయటపడ్డాయి. అవి మందగా బతికాయా, లేక ఏటి ప్రవాహం ఆ ఎముకలను ఒకచోటికి చేర్చిందా అన్నది ఆ అస్థిపంజరం ముందు నిలబడినవారికి తప్పక తట్టవలసిన ఆలోచన.

చిత్రంలో శాస్త్రవేత్త సారా హార్డింగ్ ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ, డైనోసార్లున్న రెండో దీవి ఇస్లా సోర్నాకు వెళుతుంది. కాలు విరిగిన టైరనోసారస్ (భారీ మాంసాహార డైనోసార్) పిల్లకు కట్టు కట్టడానికి ఆమె, ఫోటోగ్రాఫర్ నిక్ కలిసి దాన్ని తమ వాహనంలోకి తీసుకువస్తారు. పిల్ల అరుపు విని తల్లీ తండ్రీ వస్తాయి. సారా ప్రతిపాదన రుజువవుతుంది, కానీ ఆ రుజువుతోనే ప్రమాదం ముంచుకొస్తుంది: పిల్లను తిరిగి ఇచ్చేసిన తరువాత కూడా ఆ రెండూ మళ్లీ వచ్చి వాహనాన్ని కొండ అంచు మీదికి నెట్టేస్తాయి. కింద సముద్రం, నిట్టనిలువునా వేలాడే వాహనం, సారా పడిన గాజు పలక మీద ఆమె అరచేయి కదిలినకొద్దీ పాకే పగుళ్లు. ఇంత ఓపికగా, ఇంత కచ్చితంగా భయాన్ని పేర్చిన దృశ్యం మొదటి చిత్రంలో కూడా ఒకటి రెండు చోట్లే ఉంటుందని నా అభిప్రాయం.

వాళ్లను కాపాడడానికి వచ్చిన ఎడీ అనే మెకానిక్‌ను ఆ రెండు జంతువులూ చీల్చివేస్తాయి. నా దృష్టిలో అసలు లోపం ఇక్కడే ఉంది. ప్రకృతి జోలికి పోవద్దని చెప్పే ఈ చిత్రంలో మరణాలకు చాలావరకు దారితీసింది మంచివాళ్ల జోక్యమే. డైనోసార్లను పట్టుకుపోవడానికి దీవికి వచ్చిన వేటగాళ్ల బోనులను నిక్ తెరుస్తాడు, వేటగాడు రోలండ్ తుపాకీలోంచి తూటాలు తీసేస్తాడు. ఆ తరువాత చచ్చిపోయినవారి గురించి అతణ్ణి ఎవరూ నిలదీయరు, చిత్రం కూడా నిలదీయదు. కథానాయకుడి కూతురు కెల్లీ జిమ్నాస్టిక్స్ విన్యాసంతో రాప్టర్ అనే వేట డైనోసార్‌ను తన్నడాన్ని అందరూ వెక్కిరిస్తారు గాని, ఆ బాలికను జట్టులోంచి తీసేశారని ముందే చెప్పి ఉంచారు కనుక నేను దాన్ని క్షమిస్తాను. టైరనోసారస్‌ను దీవి నుంచి నగరానికి తెచ్చే ఓడ విషయంలో అలా క్షమించలేను. టైరనోసారస్ ఓడ అడుగున బందీగా ఉండగా, అది దూరలేని నావికుడి గదిలో మనుషులు ఎలా చచ్చారన్నదానికి తెర మీద జవాబు లేదు.

ఆ ఓడ చేరిన అమెరికా నగరం శాన్ డియేగోలో టైరనోసారస్ తిరిగే ఘట్టం తొందరపాటుగా అతికించినట్టు ఉందని చాలామంది అంటారు. వేగం తప్పిందన్నమాట నిజమే. కానీ చివర్లో పెద్ద టైరనోసారస్, తనను పట్టి తెప్పించిన కంపెనీ అధిపతి లడ్లో కాలు విరిచి, తాను చంపకుండా పిల్లకు వదిలిపెట్టి, వేట నేర్పుతుంది. చిత్రం మొదట అడిగిన ప్రశ్నకు రెండో జవాబు అదే. చిన్నప్పుడు నాకు ఆ దృశ్యం దుర్మార్గుడికి పడిన శిక్షగానే కనిపించింది. ఇప్పుడు అందులో పెంపకం కూడా కనిపిస్తోంది.

ఇక పీట్ పోసిల్‌త్‌వెయిట్ నటించిన రోలండ్. అతను డబ్బు కోసం రాలేదు, మగ టైరనోసారస్‌ను వేటాడే హక్కు ఒక్కటే అడిగాడు. అతని చిరకాల మిత్రుడు అజయ్ సిద్ధూ భారతీయ పాత్ర, పోషించింది బ్రిటన్‌లో పుట్టిన హార్వీ జేసన్. పొడవాటి గడ్డిలోకి వెళ్లొద్దని అరిచి హెచ్చరించింది అజయ్ ఒక్కడే. ఎవరూ వినలేదు, అతనూ అక్కడే పోయాడు. కోరుకున్న జంతువు దొరికినా మిత్రుణ్ణి పోగొట్టుకున్న రోలండ్, లడ్లో ఇవ్వజూపిన ఉద్యోగాన్ని కాదని, మృత్యువు సాంగత్యం ఇక చాలని వెళ్లిపోతాడు. మొత్తం చిత్రంలో తన పనికి మూల్యం లెక్కగట్టుకున్న మనిషి అతనొక్కడే. స్పీల్‌బర్గ్ నగరానికి పరుగెత్తకుండా రోలండ్‌తోపాటు మరో పది నిమిషాలు ఆ దీవిలోనే ఉండి, నిక్‌ను అతని ఎదుట నిలబెట్టి ఉంటే, ఎడీ చావుకూ అజయ్ చావుకూ జవాబు చెప్పవలసినవారు చెప్పి ఉండేవారు.