అక్షరం చెప్పని భాషను ట్యాగు చెబుతుంది
(ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగు భాషా దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

సభలోని పెద్దలకు, మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజున, ఆయన బడిపంతులుగా పనిచేసిన ఊళ్లో వెబ్ పేజీల గురించి మాట్లాడమన్నారు. ఈ రెండిటికీ పొత్తేమిటని కొందరికి అనిపించవచ్చు. పంతులు గారు తెలుగు కోసం ఎంత పోరాడారో, పక్క కొండల్లోని సవర గిరిజనుల మాట కోసమూ అంత కష్టపడ్డారు. ఆయన సవర వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది. ఒకే ఊళ్లో తెలుగు, ఒడియా, సవర మూడు భాషలు బతుకుతున్నప్పుడు ఏది ఏ భాషో తేటగా చూపాలన్న పట్టుదల ఆయనది. ఇవాళ వెబ్‌లో ఆ పని చేయగలిగేది మార్కప్, అంటే రాతలో ఏది ఏమిటో యంత్రానికి చెప్పే గుర్తులు, ఒక్కటే. నేను చెప్పదలచుకున్నదంతా ఇదే.

మన సంఘాలు వేసే సావనీర్లు చూడండి. ఒకే పేజీలో తెలుగు వ్యాసం, పక్కన ఒడియా పద్యం, కింద తెలుగు లిపిలో సవర పాట. అచ్చులో ఏ చిక్కూ లేదు, చదివే మనిషికి తెలిసిపోతుంది. అదే పేజీ వెబ్‌లోకి వెళ్తే చదివేది మనిషి ఒక్కడే కాదు. వెతికి పెట్టే సెర్చ్ ఇంజను చదువుతుంది, చూపులేనివారికి వినిపించే స్క్రీన్ రీడర్ చదువుతుంది, అనువాదం చేసే యంత్రం చదువుతుంది, ఇప్పుడు ఏఐ కూడా చదువుతోంది. ఇది శీర్షిక, ఇది పద్యం, ఇది ఫలానా భాష అని వాటికి ఎవరో ఒకరు చెప్పాలి.

మార్కప్ అన్నది ప్రెస్సుల్లో పుట్టిన అలవాటే. రాతప్రతి అంచున, అక్షరాలు కూర్చే కంపోజిటర్ కోసం గుర్తులు పెట్టేవారు. దాన్ని కంప్యూటర్‌కు తెచ్చినవాళ్లలో ముఖ్యుడు చార్లెస్ గోల్డ్‌ఫార్బ్. 1969లో ఐబీఎమ్‌లో ఇద్దరు సహచరులతో కలిసి జీఎంఎల్ అనే మార్కప్ భాష తయారుచేశాడు. అదే పెరిగి 1986లో ఎస్‌జీఎంఎల్ పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. ‘ఈ మాటలు లావుగా కనబడాలి’ అని కాకుండా ‘ఇది శీర్షిక’ అని రాయాలన్నది అందులోని అసలు ఆలోచన. ఎలా కనబడాలో తర్వాత తేల్చుకోవచ్చు. 1991లో టిమ్ బెర్నర్స్-లీ వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ భాషలోని గుర్తులను, అంటే ట్యాగులను, వివరించినప్పుడు ఈ దారినే పట్టాడు.

తర్వాతి చరిత్రలో మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది. 2000లో హెచ్‌టీఎంఎల్‌కు కొత్త రూపంగా ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ వచ్చింది. దాని నియమాలు కఠినం. ఒక్క ట్యాగు మూయడం మరిచినా పేజీకి బదులు తప్పు చూపించాలన్నంత పట్టింపు. రాసేవాళ్లకు అది మింగుడుపడలేదు. 2004లో బ్రౌజర్లు తయారుచేసేవాళ్లు కొందరు విడిగా కూడి హెచ్‌టీఎంఎల్‌నే ముందుకు నడిపారు. 2014లో హెచ్‌టీఎంఎల్5 ప్రమాణమైంది. తప్పులను ఓర్చుకునే భాషే నిలిచింది. అందుకే తొలినాటి పేజీలు ఇవాళ్టి ఫోన్లోనూ తెరుచుకుంటున్నాయి. ఒకప్పుడు వెబ్‌ను ఏలిన, కదిలే బొమ్మలు చూపే ఫ్లాష్ సాఫ్ట్‌వేర్‌కు 2020 చివర్లో మద్దతు ఆగిపోయింది. అందులో చేసిన పాఠాలు, పాటలు చాలావరకు మూతపడ్డాయి. అచ్చు కోసం కంప్యూటర్లో పేజీలు కూర్చిన మన పాత డీటీపీ ఫైళ్లకూ అదే గతి పడుతోందని నా బాధ. తెరమీద తెలుగు అక్షరం కనిపిస్తుంది, లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల కోడు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే గజిబిజి. అందులోంచి తీసిన పీడీఎఫ్‌ను సెర్చ్ ఇంజను తెలుగుగా చదవలేదు. ఎన్ని ఊళ్ల చరిత్రలు, ఎన్ని గుడుల స్థలపురాణాలు అలా చిక్కుకుపోయాయో!

ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే కోడు ఇచ్చే యూనికోడ్ వచ్చింది కదా, సమస్య తీరిపోయింది కదా అంటారు. సగమే తీరింది. యూనికోడ్ అక్షరం ఏదో చెబుతుంది. ఆ అక్షరాలతో రాసిన భాష ఏదో చెప్పదు. తెలుగు జిల్లాల నడిబొడ్డున ఉన్నవాళ్లకు ఈ తేడా పెద్దగా పట్టదు. తెలుగు లిపి అంటే తెలుగే అనుకుంటే వాళ్లకు సరిపోతుంది. మనకు సరిపోదు. సవరను తెలుగు లిపిలో రాస్తాం, ఒడియా లిపిలో రాస్తాం. 1936లో మంగేయి గొమాంగో సవరకు ప్రత్యేకంగా సొరాంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశాడు. అది 2012లో యూనికోడ్‌లో చేరింది. ఇక ఒడియా మీడియంలో చదివిన మన పిల్లలు అమ్మమ్మ దగ్గర విన్న తెలుగు పాటను ఒడియా అక్షరాల్లో రాసుకుంటారు. అది తెలుగే. యంత్రం మాత్రం ఒడియా అనుకుంటుంది. తెలుగు లిపిలోని సవర పాటను చూసి, తప్పుల తెలుగు అనుకుని మాట మాటకూ ఎర్రగీత పెడుతుంది.

దీనికి మందు ఏనాడో ఉంది. హెచ్‌టీఎంఎల్‌లో లాంగ్ (lang) అనే అట్రిబ్యూట్, అంటే ట్యాగు లోపల రాసే అదనపు వివరం. సవర పాట ఉన్న పేరా ట్యాగులో లాంగ్ అని రాసి, ఈక్వల్ గుర్తు పెట్టి, కోట్‌లలో ఎస్, ఆర్, బి అని మూడు చిన్నబడి అక్షరాలు, ఒక అడ్డగీత, ఆ పక్కన టి, ఇ, ఎల్, యు అని రాస్తే చాలు. సవర భాష, తెలుగు లిపి అని తేలిపోయింది. మామూలు తెలుగుకు టి, ఇ. ఒడియాకు ఓ, ఆర్. ఒడియా లిపిలోని తెలుగు పాటకు టి, ఇ, అడ్డగీత, ఓ, ఆర్, వై, ఎ. ఒక్క పేరాకు ఒక్క నిమిషం పని. ఆ నిమిషంతో ఎర్రగీత పోతుంది, ఏ భాషకు తగ్గ ఫాంటు దానికి పెట్టుకోవచ్చు. స్క్రీన్ రీడర్‌లో ఒడియా గొంతు ఉంటే ఒడియా పద్యాన్ని ఆ గొంతుతోనే చదువుతుంది. పేజీ భాష, మధ్యలో వచ్చే వేరే భాష రెండూ తెలపాలని వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు 2008 నుంచీ చెబుతూనే ఉన్నాయి. చూపులేని ఒక పిల్లవాడు మన సావనీర్ వినాలనుకుంటే ఆ నిమిషం మనం బాకీ పడ్డట్టే కదా.

ఏఐ వచ్చాక ఈ ట్యాగులెందుకు, అదే పోల్చుకుంటుంది అని ఒక యువ మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్న. యంత్రం పోల్చుకునేది అదివరకు చూసిన రాతను బట్టి. తెలుగును బాగానే పోలుస్తుంది, కావలసినంత చూసింది కనుక. సవర రాత వెబ్‌లో ఎంతుందని? తక్కువ రాత ఉన్న భాష పక్కనున్న పెద్ద భాష ఖాతాలో పడిపోతుంది. అంటే ట్యాగు అవసరం పెద్ద భాషలకంటే చిన్న భాషలకే ఎక్కువ. రానున్న రోజుల్లో మార్కప్‌కు అసలు బరువు ఇక్కడే ఉందని నా నమ్మకం. పేజీకి సోకులద్దే పని ఎప్పుడో రంగు, సైజు వంటివి చెప్పే సీఎస్‌ఎస్‌ భాషకు పోయింది.

2004లో వచ్చిన మార్క్‌డౌన్ అనే తేలికపాటి గుర్తుల పద్ధతి గురించి కూడా ఒక మాట. ఏఐలు జవాబులు ఎక్కువగా అందులోనే ఇస్తున్నాయి. రాసుకోవడానికి హాయిగా ఉంటుంది, నేనూ వాడతాను. కానీ మామూలు మార్క్‌డౌన్‌లో భాష పేరు చెప్పే గుర్తు లేదు. మధ్యలో హెచ్‌టీఎంఎల్ ట్యాగు పెట్టుకోనిస్తుంది కాబట్టి సవర పాట దగ్గరికి వచ్చేసరికి ఆ ట్యాగే రాయాలి. ఈ-పుస్తకాలకు వాడే ఈపబ్ ఫైలు లోపల ఉన్నదీ హెచ్‌టీఎంఎల్ కుటుంబమే. ఒకసారి సరిగా గుర్తులు పెట్టిన ప్రతి ఉంటే అటు వెబ్‌కూ ఇటు ఈ-పుస్తకానికీ పనికొస్తుంది.

సంఘాల కార్యదర్శులకు నా మనవి. ఈ ఏడాది సావనీర్ పని ఒప్పజెప్పేటప్పుడు డీటీపీ చేసేవారిని పీడీఎఫ్‌తో పాటు యూనికోడ్ ప్రతి కూడా ఇవ్వమని ముందే అడగండి. డబ్బులిచ్చేశాక అడిగితే దొరకదు. శీర్షికలకు, పద్యాలకు, భాషలకు ట్యాగులు పెట్టే పని మన డిగ్రీ విద్యార్థులు చేయగలరు. పాట ఇచ్చిన సవర పెద్దలను పక్కన కూర్చోబెట్టుకుని చేయాలి, మాటల విరుపు వాళ్లకే తెలుసు. సభ అయ్యాక నేను ఇక్కడే ఉంటాను. ల్యాప్‌టాప్ తెచ్చాను. పాత సావనీర్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉన్నవాళ్లు తీసుకురండి, ఒక పేజీ కూర్చుని చేద్దాం.